కలలో పాము, రాతిలో పడగ

తెల్లవారుజామున పాము కలలోకి వచ్చిందంటే తెలుగిళ్లలో ఆ పొద్దు మామూలుగా తెల్లారదు. "అవ్వా, రాత్రి కలల పాము కనవడ్డదే" అని పిల్ల అనగానే పొయ్యి దగ్గరున్న తల్లి చేతిలో గరిటె ఆగిపోతుంది. కరిచిందా, వెంటబడిందా, దాని దారిన అది పోయిందా? నల్లదా, గోధుమ వన్నెదా? ఒక్కటా, జంటా? నాగదోషమని ఒకరంటారు. పుట్టలో పాలు పోస్తామని మొక్కి మరిచిపోయి ఉంటామని ఇంకొకరంటారు. ఇంట్లో స్వప్నఫలాల పుస్తకం ఉంటే దాన్ని తిరగేస్తారు, లేకపోతే ఫోన్లో వెతుకుతారు. కల కన్న పిల్ల మాత్రం గుండె దడ తగ్గక మూల కూర్చుంటుంది.

పెద్దపల్లి జిల్లాలో ఇంకో రకం పాము ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఎవరో శిల్పి సున్నపురాతి పలక మీద దాన్ని పడగ విప్పి నిలబెట్టాడు. దాని పేరు ముచలిందం. ఆ పాము పని గొడుగు పట్టడం.

ధూళికట్ట దిబ్బ మీద

ఎలిగేడు మండలంలోని ధూళికట్ట పేరు చరిత్ర పుస్తకాల్లో శాతవాహనులతో పాటు వినిపిస్తుంది. 2016లో పెద్దపల్లి జిల్లా ఏర్పడక ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. హుస్సేనిమియా వాగు ఒడ్డున ఇక్కడ మట్టికోట ఉన్న పట్టణం ఒకటి ఉండేదని 1970లలో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో బయటపడింది. ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు ముప్పై ఉన్నాయని గ్రీకు, రోమన్ రచయితలు చెప్పుకున్నారు. వాటిలో ఇదొకటై ఉంటుందని చరిత్రకారుల అంచనా. కోటకు కొంత దూరంలో, వడ్కాపూర్ వైపు దిబ్బ మీద బౌద్ధ స్తూపం ఆనవాళ్లు దొరికాయి. స్తూపం చుట్టూ చెక్కిన సున్నపురాతి పలకలు, వాటి మీద బ్రాహ్మీ లిపిలో రాతలు కనిపించాయి.

ఆ పలకల్లో బుద్ధుడి మనిషి రూపం కనిపించదు. బుద్ధుడిని ఖాళీ ఆసనంగా, పాదముద్రలుగా, గొడుగుగా చూపించిన కాలం అది. అలాంటి పలకల్లోనే ముచలింద నాగు ఉంది.

దాని వెనక కథ పాళీ గ్రంథాల్లో వస్తుంది. బోధి కలిగాక కొన్ని వారాలకు బుద్ధుడు ఒక చెట్టు కింద కూర్చున్నాడు. కాలం కాని కాలంలో మబ్బు పట్టింది. చలిగాలితో ఏడు రోజుల ముసురు. ముచలిందమనే నాగరాజు కలుగులోంచి వచ్చి ఆయన ఒంటికి ఏడు చుట్లు చుట్టుకుని తల మీద పడగ పట్టాడు. వాన వెలిశాక చుట్లు విప్పి, యువకుడి రూపు దాల్చి, చేతులు జోడించి ఎదుట నిలబడ్డాడు. అంతే కథ. పామును చంపిన వీరుడు లేడు, శాపం లేదు, పరిహారం లేదు. భయపెట్టే ఆకారమే కాపలా కాసింది.

కలలో పామును చూసి ఉలిక్కిపడే మనిషికి ఈ పలక ఏమైనా చెబుతుందా? చెబుతుంది. అయితే ముందు అసలు కల గురించి బౌద్ధం ఏమంటుందో చూడాలి.

వాతం, పిత్తం, కోతి నిద్ర

ధూళికట్ట బౌద్ధం దాదాపుగా వెలుగులో ఉన్న రోజుల్లోనే, క్రీ.పూ. 2వ శతాబ్దంలో, వాయవ్య భారతాన్ని మినాండర్ అనే గ్రీకు రాజు ఏలాడు. బౌద్ధులు ఆయన్ని మిలిందుడు అన్నారు. ఆయన నాగసేనుడనే భిక్షువును అడిగిన ప్రశ్నలే 'మిలిందపఞ్హ' అనే గ్రంథం. అందులో కలల మీదా ప్రశ్న ఉంది. కలలు కనేది ఎవరని రాజు అడిగితే నాగసేనుడు ఆరు రకాల వాళ్లను లెక్కపెట్టాడు. వాతం చేసినవాడు, పిత్తం చేసినవాడు, శ్లేష్మం చేసినవాడు, దేవతల ప్రభావం పడ్డవాడు, పగలు అలవాటైన పనులనే రాత్రి కలగనేవాడు, రాబోయేదాని గుర్తుగా కలగనేవాడు. ఈ ఆరింటిలో చివరిదొక్కటే నిజమవుతుందని, మిగిలినవన్నీ వట్టివని ఆయన తేల్చాడు.

జాబితా వరస చూస్తే ముచ్చటేస్తుంది. ఆరింటిలో మొదటి మూడూ ఒంటి బాధలే. "రాత్రి పొద్దుపోయి తింటే పీడకలలే వస్తయి" అని మన ఇళ్లలో పెద్దలనే మాటను నాగసేనుడు కాదనేలా లేడు. ఇక కల ఎప్పుడు వస్తుంది? గాఢ నిద్రలోనూ కాదు, మెలకువలోనూ కాదు, రెంటి నడుమ కోతి నిద్రలో వస్తుందని ఆయన జవాబు. మనం కోడికునుకు అంటాం, వాళ్లు కోతిని పట్టుకున్నారు.

కోతి నిద్రకు ప్రయోగశాలలో గుర్తు దొరకడానికి ఇంకా రెండు వేల ఏళ్లు పట్టింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రపోతున్నవాళ్ల కనుగుడ్లు మూసిన రెప్పల కింద గబగబా కదిలే దశ ఒకటుందని ప్రకటించారు. దానికి రెమ్ నిద్ర అని పేరు. ఆ దశలో లేపితే చాలామంది కళ్లకు కట్టినట్టు కలను చెబుతారు. సుమారు తొంభై నిమిషాలకోసారి వచ్చే ఈ దశ తొలిజాములో కొద్ది నిమిషాలే ఉంటుంది, పొద్దు పొడిచే వేళకు బాగా పొడవవుతుంది. తెల్లవారుజాము కలలు అంత స్పష్టంగా గుర్తుండటానికి ఇదో కారణం. ఆ వేళ కల నిజమవుతుందనే నమ్మకానికి పట్టు ఇక్కడే దొరికి ఉండాలి. అంత స్పష్టంగా కనబడ్డదాన్ని వట్టిదనుకోవడం ఎవరికైనా కష్టమే.

గోదావరిఖని బొగ్గు గనుల్లో షిఫ్టులు మారే కార్మికుల్లాంటి వాళ్లకు ఇంకో సంగతీ పనికొస్తుంది. కొన్నాళ్లు నిద్ర సరిగా లేకపోతే, తీరిక దొరికిన రాత్రి మెదడు రెమ్ నిద్రను ఎక్కువ చేసి బాకీ తీర్చుకుంటుంది. ఆ రాత్రి కలలు ముదురుగా వస్తాయి. జ్వరం, మద్యం ఉన్నట్టుండి మానేయడం, కొన్ని రక్తపోటు మాత్రలు, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా ఇలాంటి కలలు తెప్పిస్తాయి. నాగసేనుడి తొలి మూడు రకాల్లో ఇవన్నీ ఇమిడిపోతాయి.

పేడకొండ మీద నడక

అలాగని బౌద్ధం కలలను చెత్తబుట్టలో వేయలేదు. సాక్షాత్తూ బుద్ధుడి కథే కలతో మొదలవుతుంది. ఆషాఢ పున్నమి రాత్రి మాయాదేవి కలలో తొండంతో తెల్లతామర పట్టుకున్న తెల్ల ఏనుగు ఆమె చుట్టూ మూడుసార్లు తిరిగి కుడిపక్క నుంచి గర్భంలోకి వచ్చింది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులకు ఇది ఇష్టమైన ఘట్టం. బాబాసాహెబ్ అంబేడ్కర్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో మాయాదేవి కలను వదల్లేదు. అయితే అందులో కలలోకి వచ్చి, నువ్వు నాకు తల్లివవుతావా అని అడిగేది సుమేధుడనే బోధిసత్వుడు.

అంతకంటే ఆసక్తి కలిగించేవి సిద్ధార్థుడు బోధికి ముందు స్వయంగా కన్న అయిదు కలలు. ఇవి అంగుత్తర నికాయమనే పాళీ గ్రంథంలో ఉన్నాయి. మొదటి కలలో భూమి ఆయనకు పరుపు, హిమాలయం తలగడ, చేతులు తూర్పు పడమర సముద్రాల్లో, కాళ్లు దక్షిణ సముద్రంలో. రెండోదానిలో ఆయన బొడ్డులోంచి గడ్డి మొలిచి ఆకాశాన్నంటింది. మూడోదానిలో నల్లతలల తెల్లపురుగులు పాదాల నుంచి మోకాళ్లదాకా పాకాయి. నాలుగోదానిలో నాలుగు దిక్కుల నుంచి నాలుగు రంగుల పక్షులు వచ్చి కాళ్ల దగ్గర వాలి తెల్లబడ్డాయి. అయిదోదానిలో ఆయన పేడకొండ మీద అటూ ఇటూ నడిచాడు, కాలికి పేడ అంటలేదు.

పురుగులు పాకడం, మలిన రాశి మీద నడవడం! ఈ రెంటినీ మన స్వప్నఫలాల పుస్తకానికి చూపిస్తే ఏ పరిహారం రాసిపెడుతుందో. ఆ గ్రంథం చెప్పిన అర్థం వేరు. పురుగులు తెల్లబట్టలు కట్టి తన దగ్గరికి వచ్చే గృహస్థులు. పక్షులు నాలుగు వర్ణాలవాళ్లు, ధర్మంలోకి వచ్చాక వాళ్లది ఒకటే రంగు. గడ్డి అష్టాంగమార్గం. పేడకొండ తనకు అందే బట్ట, తిండి, వసతి, మందు. వాటిని వాడుకుంటూనే వాటికి అంటకపోవడం ఆ నడక. ఈ అర్థాల్లో ధనలాభం, ప్రాణగండం లాంటివి వెతికినా దొరకవు. ప్రతిదీ మనిషి ఎలా బతకాలన్న దగ్గరికే వస్తుంది.

రాజుగారి పదహారు కలలు

కోసల రాజు ప్రసేనజిత్తు కథ ఈ తేడాను ఇంకా విప్పి చూపిస్తుంది. జాతక కథల్లో 77వది. ఒక్క రాత్రిలో రాజుకు పదహారు కలలు వచ్చాయి. రాజాంగణంలోకి నాలుగు దిక్కుల నుంచి నాలుగు నల్ల ఆబోతులు పోట్లాటకు దూకి, జనం గుమికూడాక, రంకెలేసి పోట్లాడకుండానే వెళ్లిపోయాయి. ఒక గుర్రానికి రెండు నోళ్లు, రెంటికీ మేత వేస్తుంటే రెంటితోనూ తింటోంది. నిండుకుండ పొంగిపొర్లుతోంది, చుట్టూ ఖాళీ కుండలున్నాయి, అయినా నీళ్లు తెచ్చినవాళ్లందరూ నిండుకుండలోనే పోస్తున్నారు. సొరకాయ బుర్రలు మునుగుతున్నాయి, బండరాళ్లు తేలుతున్నాయి. చిట్టి కప్పలు నల్లతాచులను తరిమి మింగుతున్నాయి.

రాజు వణికిపోయాడు. ఆస్థాన పురోహితులు రాజ్యానికో, ప్రాణానికో, సంపదకో ముప్పని చెప్పి, రకానికి నాలుగేసి జంతువులతో యజ్ఞం చేయాలన్నారు. ఒక ప్రాణిని చంపితే ఇంకొకరికి క్షేమం ఎలా కలుగుతుందని వాళ్లలోనే ఓ చిన్న శిష్యుడు అడిగాడు. దీనివల్ల మనకు బోలెడు సొమ్ము వస్తుందని గురువు అసలు సంగతి చెప్పేశాడు. రాణి మల్లిక మాత్రం భర్తను బుద్ధుడి దగ్గరికి పొమ్మంది.

బుద్ధుడు పదహారూ ఓపిగ్గా విన్నాడు. వీటివల్ల నీకేమీ ముప్పు లేదన్నాడు. ఆబోతులంటే రాబోయే కాలంలో ఉరిమి, కమ్ముకుని, చినుకు రాల్చకుండా పోయే మబ్బులు. రెండు నోళ్ల గుర్రమంటే ఇరుపక్షాల దగ్గరా లంచం తినే న్యాయాధికారి. నిండుకుండంటే, తమ కొట్లు ఖాళీగా ఉన్నా జనం తెచ్చి నింపాల్సిన పాలకుడి ఖజానా. రాజులు అధర్మానికి దిగిన రోజున లోకం ఎలా తలకిందులవుతుందో ఒక్కో కలతో చెప్పుకొచ్చాడు. సొంత ప్రాణం మీద భయంతో వచ్చిన రాజు పాలన మీద పాఠం విని వెళ్లాడు. యజ్ఞానికి కట్టేసిన జంతువులను విడిపించారు.

ఇంత చక్కగా కలల అర్థం చెప్పిన బుద్ధుడే ఆ పనిని భిక్షువులకు నిషేధించాడు. కలలకు ఫలం చెప్పి పొట్టపోసుకోవడం, శరీరం మీది మచ్చలు చూసి జాతకం చెప్పడం, ఎలుక కొరికిన బట్టను చూసి శకునం చెప్పడం తగని జీవనోపాధులని దీఘనికాయంలోని తొలి సూత్రమే ఏకరువు పెడుతుంది. మరోవైపు కలలో జరిగిన తప్పుకు మెలకువలో శిక్ష లేదని 'వినయం' అనే భిక్షువుల నియమావళిలో ఉంది. కలలోనూ మనసు మంచీ చెడూ తలచగలదు, అయితే ఆ సంకల్పం లెక్కలోకి రానంత బలహీనమని వాళ్ల వివరణ. కలలో ఎవరినో కొట్టానని, కానిది చేశానని రోజంతా కుమిలిపోయేవాళ్లకు ఇది చిన్న ఊరట కాదు.

మరి కలలోనే సత్యం బోధపడవచ్చా? ఈ ప్రశ్న పాతదే. అభిధమ్మ గ్రంథమైన 'కథావత్థు'లో దీని మీద వాదం ఉంది. బోధపడుతుందని ఒక పక్షం, నిద్రలో ఎరుక లేనివాడికి ధర్మం ఎలా అందుతుందని థేరవాద పక్షం. కల తలుపు తట్టవచ్చు, తలుపు తీయడానికి లేవాల్సిందేనన్నది థేరవాదుల తీర్పు సారాంశం.

గోదావరి గట్టు నుంచి పదహారుగురు

ఉత్తర తెలంగాణకు ఈ ప్రశ్నలో సొంత వాటా ఉంది. బౌద్ధ సాహిత్యంలో చాలా పాతదైన సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణుడి కథ వస్తుంది. కోసల నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని, ఏరుకున్న గింజలతో, పండ్లతో బతికాడు. ఆ ఆశ్రమం పాత ఆదిలాబాద్, ఇప్పటి నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలోని బాదనకుర్తి దగ్గర ఉండేదని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. గోదావరి రెండు పాయలై చుట్టిన లంక అది.

ఒకరోజు కాళ్లు పగిలి, దాహంతో, తల నిండా దుమ్ముతో ఓ బ్రాహ్మణుడు వచ్చి అయిదు వందలు అడిగాడు. యజ్ఞం చేసి ఉన్నదంతా ఇచ్చేశానని బావరి అన్నాడు. ఏడో రోజున నీ తల ఏడు వక్కలవుతుందని వచ్చినవాడు శపించి పోయాడు. ముసలి బావరి తిండి మానేశాడు, చిక్కిపోయాడు, ధ్యానం కుదరలేదు. అప్పుడు ఒక దేవత ప్రత్యక్షమైంది. గ్రంథం దీన్ని కల అనలేదు గానీ, భయంతో అలసిన మనసుకు కనబడిన దర్శనమే ఇది. వాడు సొమ్ము కోసం వచ్చిన మోసగాడు, తల సంగతి వాడికేమీ తెలియదు అంది. మరి నీకు తెలుసా అన్నాడు బావరి. నాకూ తెలియదు అంది దేవత. తెలిసినవాడు ఉత్తరాన ఉన్నాడు, వెళ్లి అడుగు అంది.

కథలో కీలకం ఈ మాట. దర్శనమిచ్చిన దేవత జవాబివ్వలేదు, దారి చెప్పి పంపింది. బావరి పదహారుగురు శిష్యులను ప్రయాణం కట్టించాడు. వాళ్లు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కోశాంబి, శ్రావస్తి మీదుగా నడిచి మగధలో బుద్ధుణ్ని కలిశారు. బావరి ప్రశ్నకు ఆయన జవాబు: తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య, శ్రద్ధ, ఎరుక, ఏకాగ్రత, పట్టుదల దానికి తోడు. శాపం పాఠమైంది. పాము గొడుగైనట్టే.

పదహారుగురిలో మోఘరాజు అనేవాడు, మృత్యురాజు కంటపడకుండా ఉండాలంటే లోకాన్ని ఎలా చూడాలని అడిగాడు. 'నేను' అనే పట్టు వదిలి లోకాన్ని శూన్యంగా చూడమన్నాడు బుద్ధుడు. కొన్ని శతాబ్దాల తర్వాత ఆచార్య నాగార్జునుడు ఆ శూన్యాన్ని వివరిస్తూ వాడిన పోలికల్లో కల ఒకటి. వసుబంధుడనే బౌద్ధ ఆచార్యుడు ఇంకో అడుగు వేశాడు. కలలో కనబడే వస్తువు లేదని మేలుకున్నాకే తెలుస్తుంది, మేలుకోనివాడికి తెలియదు అన్నాడు. టిబెట్ బౌద్ధులు దీన్ని సాధనగా మార్చి, కలలోనే ఇది కల అని గుర్తుపట్టే స్వప్నయోగాన్ని నారోపా అనే గురువు పేరుతో వచ్చే ఆరు సాధనల్లో చేర్చారు.

మేలుకున్నాక చేసే పని

గట్టి కల పడ్డ మనిషి మేలుకుని ఏం చేయాలన్నది ఇక్కడి నుంచి తేలికవుతుంది. ఒంట్లో నలత ఉందా, నిద్ర చాలిందా, నిన్నటి గొడవే రాత్రి తిరిగి వచ్చిందా అని మొదట చూసుకోవాలి. నాగసేనుడి లెక్క ప్రకారం చాలా కలలు ఇక్కడే తీరిపోతాయి. మిగిలినదానిలో ఏ భయం, ఏ ఆశ, ఏ పట్టు కనబడిందో గమనించాలి. ప్రసేనజిత్తుకు తన పాలన కనబడింది.

మైత్రీ భావన చేయమని అంగుత్తర నికాయం చెబుతుంది. తనకు, ఇంటివాళ్లకు, పొరుగుకు, చివరికి కిట్టనివాడికీ మేలు కోరుకోవడం ఆ సాధన. దానికి పదకొండు ఫలితాలు చెప్పారు. హాయిగా నిద్రపడుతుంది, హాయిగా లేస్తారు, పీడకలలు రావు అన్నవి మొదటి మూడు. మానసిక వైద్యులు ఈ రోజుల్లో మాటిమాటికీ వచ్చే పీడకలకు ఇమేజరీ రిహార్సల్ అనే పద్ధతి వాడుతున్నారు. మెలకువలో ఉండగా ఆ కల ముగింపును మనమే మార్చి రాసుకుని, రోజూ కాసేపు మనసులో దాన్ని చూసుకోవడం. తరిమే పాము ఆగి పడగ పట్టిందని రాసుకోవచ్చు. ధూళికట్ట శిల్పి రాతిలో చేసిన పనే ఇది. నిద్రలో చేతులు కాళ్లు విసురుతూ పక్కవాళ్లను కొడుతున్నా, పీడకలల భయంతో నిద్రే మానేస్తున్నా వైద్యుణ్ని కలవాలి.

బావరి శిష్యుల్లో తిరిగి గోదావరికి వచ్చింది పింగియుడు. పండు ముసలివాడు. చూపు మసక, చెవి సరిగా వినపడదు, ఒంట్లో సత్తువ లేదు. బుద్ధుడి గురించి అతను చెప్పుకుపోతుంటే, అంత గొప్పవాణ్ని వదిలి క్షణమైనా ఎలా ఉన్నావని బావరి అడిగాడు. వదిలి ఉండటం లేదన్నాడు పింగియుడు. ఒళ్లు అంత దూరం రాలేనంటోంది గానీ మనసు అక్కడే ఉందన్నాడు. కంటితో చూసినంత స్పష్టంగా ఆయన్ని మనసుతో చూస్తున్నానన్నాడు, రాత్రీ పగలూ. ఒకప్పుడు ఏడు రోజుల శాపానికి భయపడి అన్నం మానేసిన బావరి ఆ గోదావరి గట్టున కూర్చుని ఆ మాటలు విన్నాడు.